కంప్యూటర్‌లో టీవీ: ట్యూనర్లు, యాంటెన్నాలు, రికార్డింగ్‌పై మీ ప్రశ్నలకు జవాబులు

హాల్లో టీవీకి కలిపిన కంప్యూటర్‌లోనే లైవ్ చానళ్లు చూడాలి, నచ్చినవి రికార్డ్ చేసుకోవాలి అనుకునే పాఠకుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. "ఈ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకోటి వేసుకోమంటారా?" అని చాలామంది అడిగారు. ఆ పని చేసేముందు ఒక వరుసలో చూసుకుంటూ రండి. సిగ్నల్ సరిగా ఉందా, ట్యూనర్ (సిగ్నల్ అందుకునే కార్డు లేదా డబ్బా) లాక్ అయిందా, అంటే ఆ సిగ్నల్‌ను పట్టుకుందా, చానల్ జాబితాలోకి వచ్చిందా, గైడ్ (కార్యక్రమాల వేళల పట్టిక) నిండిందా, చివరికి బొమ్మ సరిగా ఆడుతోందా? మొదటి రెండూ సరిలేకపోతే ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చినా ఫలితం ఉండదు.

ప్రశ్న: మా డాబా మీద డీడీ ఫ్రీ డిష్ ఉంది. హాల్లో పాత ఐ3 డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్‌ది, టీవీకి కలిపి పెట్టుకున్నాం. అమ్మ చూసే డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి కార్యక్రమాలు అందులోనే రికార్డ్ కావాలి. ఏ కార్డు కొనాలి? ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు కార్డు సంగతి. డబ్బా మీద డీవీబీ-ఎస్2 అని ఉండాలి, అంటే డిష్ నుంచి వచ్చే ఉపగ్రహ సిగ్నల్ పట్టే రకం. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించే యూఎస్‌బీ స్టిక్‌లు ఎక్కువగా డీవీబీ-టీ2 (మామూలు యాంటెన్నాకు), డీవీబీ-సీ (కేబుల్‌కు) రకానివి. అవి ఉపగ్రహ సిగ్నల్ పట్టవు. మీ డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉంటే టీబీఎస్ 6902 లాంటి రెండు ట్యూనర్ల కార్డు తీసుకోండి. ఒక చానల్ చూస్తూ వేరే ట్రాన్స్‌పాండర్‌లోని (ఉపగ్రహం కొన్ని చానళ్లను కలిపి ఒక ఫ్రీక్వెన్సీ మీద పంపే భాగం) ఇంకో చానల్ రికార్డ్ చేసుకోవచ్చు. ఒకే ట్రాన్స్‌పాండర్‌లోని చానళ్లన్నిటికీ ఒక్క ట్యూనరే చాలు. కొత్తవాళ్లకు తెలియక అవసరానికి మించి ట్యూనర్లు కొనేది ఇక్కడే. లైనక్స్ వాడే ఉద్దేశం ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. ఇలాంటి కార్డులకు తయారీదారు ఇచ్చే డ్రైవరును మనమే కంపైల్ చేసి ఎక్కించాలి. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. అందుకే ఆ మెషీన్‌లో కెర్నెల్ ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయడం మంచిది.

ఇప్పుడున్న సెట్‌టాప్ బాక్స్ కూడా పనిచేస్తూ ఉండాలంటే రెండు అవుట్‌పుట్లున్న ట్విన్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందు చేతికి బిగించే, సిగ్నల్ అందుకునే భాగం) పెట్టించి, కంప్యూటర్‌కు వేరే కేబుల్ లాగండి. కార్డులోని రెండు ట్యూనర్లకూ రెండు కేబుళ్లు ఇవ్వాలనుకుంటే నాలుగు అవుట్‌పుట్ల ఎల్ఎన్‌బీ కావాలి. బజార్లో దొరికే మామూలు స్ప్లిటర్‌తో ఒకే వైరును బాక్స్‌కీ కార్డుకీ పంచకండి. రెండూ ఎల్ఎన్‌బీకి కరెంటు పంపుతాయి, ఒకటి 13 వోల్టులు అడిగితే ఇంకొకటి 18 అడగొచ్చు. కేబుల్ ఆర్‌జీ-6 రకం, 30 మీటర్ల లోపు ఉంటే నిశ్చింత.

డిష్ దిశ కూడా ఒకసారి చూసుకోండి. ఫ్రీ డిష్ వచ్చేది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 నుంచి. గుంటూరు నుంచి అది ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిస్తే సుమారు 140 డిగ్రీల దిశలో, అంటే ఆగ్నేయంగా, నేల నుంచి దాదాపు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకు ఇవే లెక్కలు 138, 63. ఇళ్లమీద కనిపించే చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకానివి కాబట్టి, చూడ్డానికి అవి ఆ ఎత్తు కంటే ఇరవై పాతిక డిగ్రీలు కిందికి చూస్తున్నట్టే ఉంటాయి. అది చూసి డిష్ వాలిపోయిందనుకుని పైకి తిప్పేసేవాళ్లున్నారు. తిప్పకండి.

సాఫ్ట్‌వేర్‌కు మా సలహా: వెనక టీవీహెడ్‌ఎండ్, ముందు కోడి. టీవీహెడ్‌ఎండ్ ట్యూనర్‌ను నడిపి రికార్డింగులు చేస్తుంది. కోడి రిమోట్‌తో చూసే తెర. రెండూ ఉచితం. టీవీహెడ్‌ఎండ్ ఇన్‌స్టాల్ చేశాక బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ ఐపీ చిరునామా, పక్కన పోర్ట్ 9981 కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. అక్కడ చేయాల్సినవి ఇవి.

డీవీబీ ఇన్‌పుట్స్‌లో నెట్‌వర్క్స్ ట్యాబ్‌కు వెళ్లి డీవీబీ-ఎస్ రకం నెట్‌వర్క్ ఒకటి చేర్చండి. ఆర్బిటల్ పొజిషన్ 93.5 తూర్పు. తర్వాత టీవీ అడాప్టర్స్‌లో కార్డును ఎనేబుల్ చేసి, శాటిలైట్ కాన్ఫిగరేషన్‌లో యూనివర్సల్ ఎల్ఎన్‌బీ మాత్రమే అన్న రకం ఎంచుకుని, ఆ ఇన్‌పుట్‌కు ఇందాకటి నెట్‌వర్క్‌ను జతచేయండి. ఈ జతచేయడం మరిచిపోతే స్కాన్ ఎప్పటికీ మొదలుకాదు, ఎర్రర్ కూడా చూపించదు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

ఆ తర్వాత మక్స్ ట్యాబ్. మక్స్ అంటే ఒక ట్రాన్స్‌పాండర్‌లో కలిసి వచ్చే చానళ్ల కట్ట. జాబితాలో ముందే ఇచ్చిన మక్స్‌లు పాతవై ఉండొచ్చు కాబట్టి ఒకటి చేత్తో చేర్చండి: 11090 మెగాహెర్ట్జ్, వర్టికల్, సింబల్ రేటు 29500. టీవీహెడ్‌ఎండ్ ఫ్రీక్వెన్సీని కిలోహెర్ట్జ్‌లో, సింబల్ రేటును సెకనుకు సింబళ్లలో అడుగుతుంది. అంటే మీరు టైప్ చేయాల్సినవి 11090000, 29500000. సెట్‌టాప్ బాక్స్‌లో కొట్టే అలవాటుతో 11090 అని వదిలేస్తే ఫెయిల్ అని వస్తుంది. ఎఫ్ఈసీ (తప్పులు సరిదిద్దే కోడ్) ఆటోలో ఉంచండి. డెలివరీ సిస్టమ్ ముందు డీవీబీ-ఎస్ పెట్టి, లాక్ కాకపోతే డీవీబీ-ఎస్2కు మార్చి చూడండి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్‌లో ఉంటే మొదటి మక్స్ లాక్ కాగానే అందులో వచ్చే సమాచారాన్ని బట్టి మిగతావాటిని తనే వెతుక్కుంటుంది.

స్కాన్ ముగిశాక సర్వీసెస్‌లో చానళ్లు కనిపిస్తాయి. వాటిని చానళ్లుగా మ్యాప్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్టెడ్ సర్వీసులను చేర్చే టిక్ తీసేయండి. ఆకాశవాణి రేడియో చానళ్లు కూడా జాబితాలోకి వస్తాయి. అవి ఉంచుకోవడం మంచిదే, ఎందుకంటే వాటిని కూడా ఇలాగే రికార్డ్ చేసుకోవచ్చు.

కోడిలో యాడ్-ఆన్‌లలోని పీవీఆర్ క్లయింట్ల నుంచి టీవీహెడ్‌ఎండ్ హెచ్‌టీఎస్‌పీ క్లయింట్ వేసుకుని అదే ఐపీ, పోర్ట్ 9982, టీవీహెడ్‌ఎండ్‌లో సృష్టించిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ యూజర్‌కు స్ట్రీమింగ్, రికార్డింగ్ అనుమతులు రెండూ టిక్ చేసి ఉండాలి. చానళ్లు కనిపిస్తున్నా రికార్డ్ బటన్ పనిచేయకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఈ అనుమతే.

రికార్డింగ్ ప్రొఫైల్ "పాస్" అని ఉంచండి. వచ్చిన స్ట్రీమ్ యథాతథంగా టీఎస్ ఫైల్‌గా పడుతుంది, ప్రాసెసర్‌కు పని ఉండదు. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయిన భాగం ఆడుతుంది. ఎంపీ4లో అయితే మొత్తం ఫైలే తెరుచుకోకపోవచ్చు. మామూలు ఎస్‌డీ చానల్ గంటకు 1 నుంచి 1.5 జీబీ తీసుకుంటుంది.

ప్రశ్న: వాన లేకపోయినా బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోతోంది. రికార్డింగుల్లో కూడా అదే. టీవీహెడ్‌ఎండ్‌ను రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. సెట్‌టాప్ బాక్స్‌లో మాత్రం బాగానే వస్తోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఆపండి. ఒక చానల్ ఆడుతుండగా టీవీహెడ్‌ఎండ్ స్టేటస్ పేజీలో స్ట్రీమ్స్ ట్యాబ్ తెరవండి. అక్కడ ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ బలం), బిట్ ఎర్రర్ రేటు, అన్‌కరెక్టెడ్ బ్లాక్స్, ట్రాన్స్‌పోర్ట్ ఎర్రర్లు, కంటిన్యుటీ ఎర్రర్లు విడివిడిగా ఉంటాయి. జబ్బు ఎక్కడుందో ఆ అంకెలే చెబుతాయి.

ట్రాన్స్‌పోర్ట్ ఎర్రర్లు, అన్‌కరెక్టెడ్ బ్లాక్‌లు పెరుగుతుంటే తప్పు కార్డు వరకు వచ్చిన సిగ్నల్‌లో ఉంది: డిష్, ఎల్ఎన్‌బీ, కేబుల్, కనెక్టర్. అవి సున్నా దగ్గరే ఉండి కంటిన్యుటీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే సిగ్నల్ మంచిదే, కార్డు దాటాక కంప్యూటర్‌లో ప్యాకెట్లు పోతున్నాయి. యూఎస్‌బీ ట్యూనర్ అయితే హబ్ తీసేసి నేరుగా మదర్‌బోర్డు వెనక పోర్టుకు పెట్టండి. బాహ్య హార్డ్‌డిస్క్, ట్యూనర్ ఒకే హబ్‌లో ఉంటే ఇది తప్పదు. పీసీఐ కార్డు అయితే బయోస్‌లో ఏఎస్‌పీఎం పవర్ సేవింగ్ ఆపి చూడండి.

సిగ్నల్ వైపు తప్పయితే విశాఖలో మొదట అనుమానించాల్సింది ఎఫ్ కనెక్టర్లను. సముద్రపు గాలికి అవి తుప్పు పడతాయి, మెలితిప్పి బిగించే రకమైతే లోపలికి నీరు కూడా దిగుతుంది. కేబుల్ చివర రెండు మూడు అంగుళాలు కోసి చూడండి. అల్లిక నల్లబడి ఉంటే నీరు పాకినట్టే, ఆ ముక్క మొత్తం మార్చాలి. కొత్త కనెక్టర్ కంప్రెషన్ రకానిది వేయించి, బయట భాగానికి దానికదే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. ఎల్ఎన్‌బీ నుంచి దిగే వైరు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా ఉంచితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

బాక్స్‌లో బాగా వచ్చి కార్డులో రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. బాక్స్ అంచుమీది సిగ్నల్‌తో కూడా నెట్టుకొస్తుంది, చిన్న తప్పులను కప్పిపుచ్చి ఆడిస్తుంది. కార్డు ప్రతి తప్పునూ ఫైల్లోకి రాసేస్తుంది. క్యూపీఎస్‌కే, 3/4 ఎఫ్ఈసీ ఉన్న ట్రాన్స్‌పాండర్ ఆడాలంటే ఎస్ఎన్ఆర్ కనీసం 6–7 డీబీ ఉండాలి. వానకు మరో 3–4 డీబీ వెసులుబాటు కావాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు 10 దాటకపోతే డిష్‌ను సరిచేయాల్సిందే. విశాఖకు దిశ సుమారు 149 డిగ్రీలు, ఎత్తు 66. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి డాబా మీద ఆ స్టేటస్ పేజీనే తెరుచుకోండి. కింద ఎవరో ఒకరు చానల్ ఆడిస్తూ ఉండాలి, లేకపోతే అంకెలు కనిపించవు. నట్లు కొంచెం వదులు చేసి డిష్‌ను మిల్లీమీటర్ల లెక్కన జరిపి, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగండి. చివరగా ఎల్ఎన్‌బీని దాని బిగింపులోనే అటూ ఇటూ కొద్దిగా తిప్పి చూడండి. తరచుగా ఒకటి రెండు డీబీలు అక్కడే దొరుకుతాయి.

ఒక్క ట్రాన్స్‌పాండర్ మాత్రమే ఇబ్బంది పెడితే దాని ఫ్రీక్వెన్సీ నుంచి 9750 తీసేయండి. కేబుల్లో సిగ్నల్ ప్రయాణించేది ఆ వచ్చిన ఫ్రీక్వెన్సీ మీదే. అది 1805–1880 మెగాహెర్ట్జ్ మధ్య పడితే, అంటే అసలు ఫ్రీక్వెన్సీ 11555–11630 అయితే, 1800 బ్యాండ్ మొబైల్ టవర్ సిగ్నల్ పలచటి కేబుల్లోకి దూరుతోందన్న అనుమానం బలంగా ఉంటుంది. మందపాటి అల్లిక ఉన్న ఆర్‌జీ-6తో అది పోతుంది.

ప్రశ్న: 2008లో కొన్న పీసీఐ టీవీ ట్యూనర్ కార్డు ఇంట్లో ఉంది. అప్పట్లో కేబుల్ వైరు నేరుగా పెడితే అన్ని చానళ్లూ వచ్చేవి. ఇప్పుడు కొత్త విండోస్‌లో కార్డే గుర్తుపట్టడం లేదు. డ్రైవరు ఎక్కడైనా దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డ్రైవరు దొరికినా చానళ్లు రావండి. ఆ కార్డు అనలాగ్ ట్యూనర్. కేబుల్ డిజిటలైజేషన్ రెండో దశలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి, దానికి గడువు 2013 మార్చి 31. ఆ తర్వాత వైర్లో వచ్చేది డిజిటల్ సిగ్నల్, అది కూడా ఆపరేటర్ ఎన్‌క్రిప్షన్‌తో. డీవీబీ-సీ ట్యూనర్ కొని పెట్టినా లాక్ అవుతుంది, చానళ్ల పేర్లు కూడా కనిపిస్తాయి, కానీ తెర నల్లగానే ఉంటుంది. పేర్లు కనిపించాయి కదా అని సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతకకండి. ఆ తాళం ఆపరేటర్ ఇచ్చిన బాక్స్‌లోని కార్డుతోనే తీస్తారు.

కానీ కార్డును పారేయక్కర్లేదు. దానికి పసుపురంగు వీడియో ఇన్‌పుట్ ఉంటే సెట్‌టాప్ బాక్స్ ఏవీ అవుట్‌పుట్‌ను అక్కడికి కలపొచ్చు. బీటీ878, ఎస్ఏఏ7134 లాంటి పాత చిప్‌లకు 64 బిట్ విండోస్ 10, 11లలో డ్రైవర్లతో తంటాలే. లైనక్స్ కెర్నెల్‌లో మాత్రం వాటికి డ్రైవర్లు ముందే ఉంటాయి. వీడియో స్టాండర్డ్ పాల్ అని పెట్టండి. ఎన్‌టీఎస్‌సీలో ఉంటే బొమ్మ దొర్లిపోతుంది, లేదా రంగు లేకుండా వస్తుంది. ఇన్‌పుట్ ట్యూనర్ నుంచి కాంపోజిట్‌కు మార్చడం మరిచిపోకండి.

బాక్స్‌కు మూడు రంగుల పిన్నులు లేకుండా 3.5 మిల్లీమీటర్ల ఏవీ రంధ్రం మాత్రమే ఉంటే దానికి నాలుగు భాగాల జాక్ వైరు కావాలి. ఈ వైర్లలో పిన్నుల వరుస అందరిదీ ఒకటి కాదు. బొమ్మ బదులు గురగుర వినిపిస్తే పసుపు పిన్ను ఉన్నచోట ఎరుపుది పెట్టి చూడండి, పని అయిపోతుంది.

ఇలాంటి కార్డు వీడియోను కుదించదు. 720×576 బొమ్మ సెకనుకు 25 సార్లు పచ్చిగా వస్తే దాదాపు 21 ఎంబీ, గంటకు 75 జీబీ. కాబట్టి రికార్డింగ్‌లో ఎక్స్264 ఎన్‌కోడర్ ఆన్ చేసి 3 ఎంబీపీఎస్ దగ్గర ఉంచండి, గంటకు 1.4 జీబీలోపు వస్తుంది. హెచ్‌డీఎంఐ నుంచి క్యాప్చర్ చేద్దామనుకుంటే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ వల్ల నల్లతెరే వస్తుంది. ఒకటి ఆలోచించుకోండి. ఈ దారిలో చానల్ మార్చేది బాక్సే, కంప్యూటర్ కాదు. కాబట్టి టైమర్ రికార్డింగ్ పెట్టేముందు బాక్స్ ఆ చానల్‌లోనే ఉందో లేదో చూసుకోవాలి. మీరు చూసేవి ఎక్కువగా ఉచిత చానళ్లే అయితే, ఇంత శ్రమ కన్నా ఒక చిన్న ఫ్రీ డిష్, డీవీబీ-ఎస్2 కార్డు మేలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ఫ్రిస్కోలో ఉంటాం. హెచ్‌డీ హోమ్‌రన్ ఫ్లెక్స్ క్వాట్రో (యాంటెన్నా సిగ్నల్‌ను ఇంటి నెట్‌వర్క్‌లోకి పంపే నాలుగు ట్యూనర్ల బాక్స్) కొని కిటికీకి పలచటి ఫ్లాట్ యాంటెన్నా అంటించాం. చానళ్లు చాలా వచ్చాయి గానీ ఏబీసీ వాళ్ల చానల్ 8 రావడం లేదు, వచ్చినా ఆగి ఆగి వస్తోంది. జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాం, అలాంటిదే అయిన ప్లెక్స్‌లోనూ అదే.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: డాలస్ ప్రాంతపు ప్రధాన స్టేషన్ల టవర్లు నగరానికి నైరుతిగా సీడార్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి అవి దాదాపు 40 మైళ్లు, సరిగ్గా దక్షిణానికి కొంచెం పడమరగా. వాటిలో ఎక్కువ స్టేషన్లు యూహెచ్ఎఫ్‌లో (ఎక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండ్) ప్రసారమవుతాయి. మీరడిగిన ఏబీసీ స్టేషన్ డబ్ల్యూఎఫ్ఏఏ మాత్రం ఇప్పటికీ అసలు వీహెచ్ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండ్) చానల్ 8 మీదే, అంటే 180–186 మెగాహెర్ట్జ్‌లో ఉంది. ఆ తరంగం పొడవు సుమారు 1.6 మీటర్లు. దాన్ని బాగా పట్టాలంటే యాంటెన్నా కడ్డీ దాదాపు 80 సెంటీమీటర్లు ఉండాలి. అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటుకు ఆ శక్తి ఉండదు.

వీహెచ్ఎఫ్-హై, యూహెచ్ఎఫ్ రెండూ పట్టే, పొడవాటి అడ్డకడ్డీలున్న యాంటెన్నా తీసుకోండి. ఇంటి కప్పు కింది ఆటిక్‌లోనైనా పెట్టొచ్చు, కానీ రేకు పూత ఉన్న ఇన్సులేషన్ ఉంటే సిగ్నల్ చాలావరకు ఆగిపోతుంది. యాంటెన్నా దగ్గర ఎల్ఈడీ బల్బులు, చవక ఫోన్ చార్జర్లు ఉంటే అవి వీహెచ్ఎఫ్‌లో రొద పుట్టిస్తాయి. ఒక్కోటి తీసేసి చూడండి. ఈ దోషం యూహెచ్ఎఫ్ చానళ్లలో కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

హెచ్‌డీ హోమ్‌రన్ సొంత పేజీలో మూడు శాతాలు కనిపిస్తాయి: సిగ్నల్ స్ట్రెంత్, సిగ్నల్ క్వాలిటీ, సింబల్ క్వాలిటీ. మూడోది ఎప్పుడూ 100 ఉండాలి, 99 అయినా బొమ్మ ఆగుతుంది. స్ట్రెంత్ 100 ఉండి క్వాలిటీ తక్కువగా ఉంటే సిగ్నల్ ఎక్కువైందని అర్థం. ఆంప్లిఫయర్ ఉంటే తీసేయండి. యూహెచ్ఎఫ్ టీవీ చానళ్లు ఇప్పుడు 36తో, 608 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. ఆ పైన మొబైల్ ఫోన్లవి. దగ్గర్లో టవర్ ఉంటే ఎల్టీఈ ఫిల్టర్ ఒకటి వేస్తే తేడా తెలుస్తుంది.

జెల్లీఫిన్ వెబ్ బ్రౌజర్‌లో ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామూలు ఏటీఎస్‌సీ 1.0 (అమెరికా డిజిటల్ టీవీ ప్రమాణం) ప్రసారం ఎంపీఈజీ-2లో వస్తుంది, బ్రౌజర్లు దాన్ని నేరుగా ఆడించలేవు. సర్వరు అప్పటికప్పుడు ట్రాన్స్‌కోడ్ చేయాలి, అంటే వేరే ఫార్మాట్‌లోకి మార్చాలి. హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ ఆన్ చేయండి, ఇంటెల్ ప్రాసెసరయితే క్విక్ సింక్. టీవీకి కలిపిన కంప్యూటర్‌లో కోడితో చూస్తే ఈ తంటా ఏదీ ఉండదు. ప్లెక్స్‌లో లైవ్ టీవీ, రికార్డింగ్ కావాలంటే ప్లెక్స్ పాస్ తీసుకోవాలి. రికార్డింగుకు చోటు లెక్క వేసుకోండి. ఒక ఏటీఎస్‌సీ చానల్ మొత్తం 19.39 ఎంబీపీఎస్, అంటే గంటకు గరిష్ఠంగా 8.7 జీబీ. నాలుగు ట్యూనర్లూ ఒకేసారి రాసినా సెకనుకు 10 ఎంబీ లోపే, మామూలు హార్డ్‌డిస్క్ చాలు. బాక్స్‌ను రూటర్‌కు కేబుల్‌తో కలపండి, అది వైఫై మీద మోయాల్సిన బరువు కాదు.

కొత్తగా ఏటీఎస్‌సీ 3.0 ట్యూనర్లకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఆ ప్రసారాల్లో ఎన్‌క్రిప్ట్ చేసినవి హెచ్‌డీ హోమ్‌రన్‌లో తెరుచుకోవు. మిగిలినవాటిలో ఏసీ-4 ఆడియోకు అన్ని సాఫ్ట్‌వేర్లలో మద్దతు లేదు.

ప్రశ్న: పెద్ద డిష్ పెట్టుకుంటే న్యూజెర్సీలో డీడీ ఫ్రీ డిష్ వస్తుందా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: రాదు. డిష్ ఎంత పెద్దదైనా తేడా ఉండదు. జీశాట్-15 భూమధ్యరేఖ మీద 93.5 తూర్పు దగ్గర ఉంది, మీరున్నది దాదాపు 74 పడమర. ఆ ఉపగ్రహం మీ నేలకు కిందివైపు, భూమికి అవతలి పక్కన ఉంటుంది. ఇండియా నుంచి అధికారికంగా ఇంటర్నెట్‌లో వచ్చే చానల్ ప్రసారాలే మీకు దారి.

ప్రశ్న: విండోస్ 7లో మీడియా సెంటర్ చాలా సుఖంగా ఉండేది. విండోస్ 11లో దానికి దగ్గరగా ఏముంది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీడియా సెంటర్‌ను విండోస్ 10లో తీసేశారు. దాని గైడ్ సేవ కూడా 2020 జనవరిలో ఆగిపోయింది. విండోస్‌లోనే ఉండాలనుకుంటే నెక్స్ట్‌పీవీఆర్ వేసుకోండి. ఉచితం, డీవీబీ-ఎస్2 కార్డులను నేరుగా నడుపుతుంది, కోడికి దాని క్లయింట్ కూడా ఉంది. గైడ్ విషయంలో మాత్రం పాత సుఖం ఆశించకండి. చానల్ తన ప్రసారంలో ఈఐటీ అనే కార్యక్రమాల వేళల సమాచారం పంపితేనే గైడ్ నిండుతుంది. పంపని చానళ్లకు తేదీ, సమయం ఇచ్చి చేత్తోనే టైమర్ పెట్టుకోవాలి.

ప్రశ్న: డీడీ చానళ్లలో మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తున్నాయి. కింద స్క్రోలింగ్ జెర్కుల్లా పోతుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మార్చక్కర్లేదు. మన ఎస్‌డీ చానళ్లు 576ఐ రకం. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మలో సరి గీతలు, బేసి గీతలు వేర్వేరు క్షణాల్లో తీసినవి. వాటిని విడదీయకుండా ఒకేసారి చూపిస్తే ఆ గీతలొస్తాయి. కోడిలో చానల్ ఆడుతుండగా వీడియో సెట్టింగుల్లో డీఇంటర్‌లేస్ విధానాన్ని బాబ్ లేదా వీఏఏపీఐ రకాల్లో ఒకదానికి మార్చండి. ఒక్కో సగాన్ని విడి బొమ్మగా చేసి సెకనుకు 50 ఇస్తుంది. సగం ఫ్రేములే ఇచ్చే విధానం ఎంచుకుంటే గీతలు పోతాయి గానీ కదలిక మందంగా అనిపిస్తుంది. తర్వాత దాన్నే అన్ని చానళ్లకూ డీఫాల్ట్‌గా సేవ్ చేయండి.

స్క్రోలింగ్ జెర్కు వేరే సమస్య. కంప్యూటర్ టీవీకి 60 హెర్ట్జ్‌లో పంపుతోంది, చానల్ 50లో వస్తోంది. ప్రతి అయిదో బొమ్మ రెండుసార్లు కనిపిస్తుంది, అంటే సెకనుకు పది కుదుపులు. కోడి సెట్టింగుల్లో ప్లేయర్, వీడియోస్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేటును సర్దుబాటు చేసే ఎంపికను "మొదలు/ఆపు సమయంలో" అని పెట్టండి. ఆ ఎంపిక కనిపించకపోతే సెట్టింగుల స్థాయిని పైకి మార్చండి. మన దగ్గర అమ్మే టీవీలు 50 హెర్ట్జ్ తీసుకుంటాయి, మామూలు కంప్యూటర్ మానిటర్లు చాలావరకు తీసుకోవు. స్క్రోలింగ్ అంచులు తెర బయటికి పోతుంటే టీవీలోనే పిక్చర్ సైజును స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్‌కు మార్చండి, కంప్యూటర్లో స్కేలింగ్‌తో సర్దకండి, అక్షరాలు మసకబారతాయి.

ప్రశ్న: ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. రాత్రి 8 గంటలకు పెట్టిన రికార్డింగ్ మధ్యాహ్నం రెండున్నరకే అయిపోతోంది. కొన్నిసార్లు అసలు కంప్యూటర్ నిద్ర లేవదు. ఒక్కోసారి ఫైలే ఉండదు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ తేడా సరిగ్గా అయిదున్నర గంటలు, కాబట్టి కారణం తేలిగ్గానే దొరుకుతుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన సమయాన్ని రాస్తుంది. లైనక్స్ అది గ్రీన్‌విచ్ సమయం అనుకుని దానికి అయిదున్నర గంటలు కలుపుతుంది. ఇంటర్నెట్ ఉంటే కాసేపట్లో సరిచేసుకుంటుంది, లేకపోతే మధ్యాహ్నం రెండున్నరకే రాత్రి ఎనిమిదైందనుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ కింద "రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్" అనే డీవర్డ్ విలువ సృష్టించి 1 పెట్టండి. అప్పటినుంచి రెండూ గ్రీన్‌విచ్ సమయాన్నే గడియారంలో ఉంచుతాయి. టీవీహెడ్‌ఎండ్ సాధారణ సెట్టింగుల్లో ప్రసారంలోని సమయంతో సిస్టమ్ గడియారాన్ని సరిచేసే ఎంపిక ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఆపేయండి. మెషీన్ ఏడెనిమిదేళ్ల పాతదైతే సీఆర్ 2032 బ్యాటరీ కూడా మార్చండి. ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే అదే కారణం.

నిద్ర లేవకపోవడానికి బయోస్ చూడండి. ఆర్‌టీసీ (మదర్‌బోర్డు గడియారం) ద్వారా లేపే ఎంపిక ఆన్‌లో, ఈఆర్‌పీ లేదా డీప్ స్లీప్ అనే ఎంపిక ఆఫ్‌లో ఉండాలి. విండోస్‌లోనే రికార్డ్ చేసే రోజుల్లో పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ కింద వేక్ టైమర్లను అనుమతించండి. టీవీహెడ్‌ఎండ్ తనంతట తాను మెషీన్‌ను పడుకోబెట్టి లేపదు, దానికి స్క్రిప్టు రాసుకోవాలి. అంత ఓపిక లేకపోతే రికార్డింగ్ ఉన్న రోజు స్లీప్ ఆపి మెషీన్ ఆన్‌లోనే ఉంచండి.

ఫైలే లేకపోతే రికార్డింగులు పడే డ్రైవు ఎన్‌టీఎఫ్ఎస్ కాదా చూడండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా ఆ డ్రైవు సగం నిద్రలోనే ఉంటుంది, లైనక్స్ దాన్ని చదవడానికే తెరుస్తుంది, రాయలేదు. విండోస్ పవర్ బటన్ల సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. వీలైతే రికార్డింగులకు లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ పార్టిషన్ విడిగా పెట్టుకోండి. ఇవన్నీ సరిచేశాక రికార్డింగ్ ప్రొఫైల్లో ముందు 5 నిమిషాలు, తర్వాత 10 నిమిషాలు అదనంగా పెట్టండి. కార్యక్రమం ఆలస్యంగా మొదలైనా చివరి భాగం తెగిపోదు.